చక్రం లేని రివాల్వర్

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి రావి దత్తాత్రేయ బెంజ్ సర్కిల్ దగ్గరి మేడ మెట్లెక్కి వచ్చి, కూర్చోమని ఎవరూ అనకముందే కూర్చున్నాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మూడు ఉంగరాలు, చెమట పట్టిన మెడ. గదిని నాలుగు మూలలా కలయజూశాడు. ఇంత ఇరుకు గదికి తాను రావలసి వచ్చినందుకు ఎవరో ఒకరు క్షమాపణ చెప్పాలన్నట్టు ఎదురుచూశాడు.

ఎవరూ చెప్పలేదు. కనకవల్లి కళ్ళజోడు తుడుచుకుంటోంది. ప్రైవేటు డిటెక్టివ్‌గా ఈ గది తెరవకముందు ఆవిడ ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్స్ సర్వేయరుగా పనిచేసింది. కాలిపోయాయన్న రైస్ మిల్లులూ, కాలవలో మునిగిపోయాయన్న ట్రాక్టర్లూ ఎన్ని చూసిందో లెక్కలేదు. ఆ ఉద్యోగంలో ఆవిడకి అబద్ధాలకోరుల మీద కోపం పోయింది. చేతకాని అబద్ధాలకోరుల మీద ఏవగింపు మాత్రం మిగిలింది.

పక్కన నోటుపుస్తకంతో యేసుకుమార్ కూర్చున్నాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు. పదేళ్ళు పెళ్ళిళ్ళకి వీడియోలు తీసి, విసుగొచ్చి, ఆరేళ్ళుగా ఆవిడ దగ్గర పనిచేస్తున్నాడు. ఆవిడ ఎదుటివాణ్ణి చూసే చూపు నేర్చుకోవాలని అతని కోరిక. ఇంతవరకూ ఆవిడ కళ్ళజోడు ఎప్పుడు తుడుస్తుందో కనిపెట్టడం మాత్రం వచ్చింది.

"మీ పేరేంటండీ?" దత్తాత్రేయ అతన్ని అడిగాడు.

"యేసుకుమారండి."

"ఓహో. కాసిని మంచినీళ్ళు తీసుకురా."

యేసుకుమార్ లేవబోయాడు. ఒక్క పేరు వినగానే 'అండీ' ఎటు పోయిందో అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు.

"కూర్చో," అంది కనకవల్లి. "నీళ్ళ కుండ మీ వెనకే ఉంది దత్తాత్రేయగారూ, గ్లాసు పక్కనే. ఆయన రాసుకోవాలి. మీరు చెప్పండి."

దత్తాత్రేయ నీళ్ళు తాగకుండానే చెప్పాడు. ఆయన తాత రావి నరసింహయ్య చల్లపల్లి పక్క ధాన్యం వ్యాపారి. బర్మా యుద్ధకాలంలో ఒక తెల్ల కెప్టెన్ ప్రాణం కాపాడాడట. ఆ కెప్టెన్ తన సొంత రివాల్వర్ బహుమానంగా ఇచ్చాడట. నిరుడు ఇల్లు సర్దుతుంటే అటకమీద రేకుపెట్టెలో అది దొరికింది. వెబ్లీ అనే పాత మిలిటరీ రివాల్వర్. తుప్పు పట్టింది. పిడికి అటూఇటూ ఉండే చెక్కల్ని చెదలు తినేశాయి. మధ్యలో ఆరు తూటాలు పట్టే సిలిండర్, ఆ తిరిగే చక్రం, అసలే లేదు.

"ప్రదర్శనకి తప్ప పనికిరాకుండా గొట్టం పూడ్పించి అధికారుల దగ్గర కాగితం తెచ్చానండి. చల్లపల్లి దాటాక మా ఫంక్షన్ హాలు పక్కనే తాతగారి స్మారక మందిరం కట్టించాను. రేపు ఆదివారం ప్రారంభం. రిటైర్డ్ జడ్జిగారు వస్తున్నారు. పటమటలో జాన్‌బాబని ఒకడున్నాడు, పాత గడియారాలూ కత్తులూ బాగుచేస్తాడు. వాడికిచ్చాను. గురువారం పొద్దున చెక్కపెట్టెలో పెట్టి తెచ్చిచ్చాడు. పెట్టె మందిరం పక్కగదిలో పెట్టి తాళం వేశాం. నిన్న సాయంత్రం బంధువులందరి ముందూ తెరిస్తే..."

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఏముంది?"

"తూకపు రాళ్ళు. కిలో రాయొకటి, వంద గ్రాముల రాయొకటి. గోనెగుడ్డలో చుట్టి. మా తాత కొట్లో ధాన్యం తూచాడని ఎగతాళి చేశాడండి వాడు. పోలీసులు రాత్రే తీసుకెళ్ళారు. వాడి షెడ్డులో అలాంటి రాళ్ళు ఇంకో రెండు దొరికాయి కూడా."

"ప్రతి కొట్లోనూ దొరుకుతాయి," అంది కనకవల్లి. "దొంగని పట్టేసుకున్నారుగా. నాతో ఏం పని?"

"వాడు నోరు విప్పడం లేదు. రేపు పదకొండింటికల్లా వస్తువు నాకు కావాలి."

అప్పుడే గుమ్మంలో ఒకావిడ వచ్చి నిలబడింది. నలభై దాటిన మనిషి. మెడలో టైలర్ టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. దత్తాత్రేయని చూసి గుమ్మం చెక్క పట్టుకుంది.

"నేను జాన్‌బాబుగారి భార్యనండి. హన్నా. ఆయన తీయలేదండి. నాకు ఇక్కడికి రమ్మని ఎవరో చెప్పారు."

"దీన్ని లోపలికి..." అని దత్తాత్రేయ మొదలుపెట్టాడు.

"రామ్మా, ఆ కుర్చీలో కూర్చో," అంది కనకవల్లి. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఎవరు తీశారో చెప్తానండి. మీకు నచ్చే పేరు చెప్తానని మాత్రం మాటివ్వను. ఇష్టమైతే ఉండండి."

దత్తాత్రేయకి ఇష్టం లేదు. కానీ రేపు జడ్జిగారొస్తున్నారు. ఉన్నాడు.

హన్నా సంచిలోంచి రెండు తీసింది. ఒకటి వస్తువు అప్పగించినప్పటి రసీదు నకలు. దత్తాత్రేయ సంతకం ఉంది. 'వెబ్లీ రివాల్వర్, ప్రదర్శనకు మాత్రమే. చక్రం అల్యూమినియంతో చేసిన నమూనా. మొత్తం బరువు 930 గ్రాములు. వివరాల కాగితం పెట్టె లోపల.'

"ఇది చదివారా?" కనకవల్లి ఆయన్ని అడిగింది.

"సంతకం పెట్టానండి."

"చదివారా అన్నాను."

ఆయన ఉంగరాలు సర్దుకున్నాడు.

రెండోది ఫోన్లో ఫోటో. పెట్టె మూత బిగించాక జాన్‌బాబు తీసుకున్నది. టేకుచెక్క మూత, నాలుగు మూలలా నాలుగు ఇత్తడి స్క్రూలు. యేసుకుమార్ దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. నాలుగు స్క్రూల గాడులూ దువ్వినట్టు చెక్క నారతో పాటే ఒకే వరసలో ఉన్నాయి.

"ఆయనకదో పిచ్చండి," అంది హన్నా. "మా ఇంట్లో స్విచ్చు బోర్డుల స్క్రూలు కూడా అలాగే ఉండాలి. వంకరుంటే అన్నం తినడు."

*

స్టేషన్లో బల్లమీద జాన్‌బాబు మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి. వేళ్ళ సందుల్లో పాలిష్ నలుపు. ఎస్సై కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. కనకవల్లి ఒకప్పుడు ఆయన బంధువుల రైస్ మిల్లు క్లెయిమ్ దొంగదని కొట్టేసిందట. ఆ సంగతి ఆవిడకి గుర్తులేదు, ఆయనకి బాగా గుర్తుంది.

"చక్రం అల్యూమినియంతో ఎందుకు చేశారు?" కనకవల్లి జాన్‌బాబుని అడిగింది.

"ఉక్కుతో చేస్తే నిజమైనదని ఎవరైనా భ్రమపడతారండి. లేని భాగాన్ని లేనట్టే తెలియనివ్వాలి. దగ్గరికొచ్చి చూస్తే ఇది కొత్తదని తెలియాలి. బాగుచెయ్యడమంటే అబద్ధం చెప్పడం కాదు కదండీ."

కనకవల్లి మొహంలో ఏదో మెత్తబడింది. యేసుకుమార్ ఆరేళ్ళలో అది మూడుసార్లు చూశాడు.

"పిడి?"

"కుడివైపు వాల్‌నట్ చెక్క. ఎడమవైపు చెక్క పెట్టలేదండి, అద్దంలాంటి అక్రిలిక్ పలక పెట్టాను. చెదలు తిన్న ముక్క తీస్తే కింద ఇనుము మీద పేరు గీసి ఉంది. ఇంగ్లీషు అక్షరాలు. 'జె. రత్నం, జమేదార్, చల్లపల్లి.' అది చెక్క కింద దాచేస్తే ఎట్లా? చూసేవాళ్ళకి కనపడాలని పలక పెట్టాను."

ఎస్సై తల ఎత్తాడు. "ఇది నిన్న చెప్పలేదేం?"

"మీరు రివాల్వర్ ఎక్కడ అనే అడిగారు సార్. దానిమీద ఏముందని అడగలేదు."

"ఆ రత్నం ఎవరో మీకు తెలుసా?" అంది కనకవల్లి.

"తెలియదండి. వాళ్ళింట్లో మనిషే అనుకున్నా. వివరాల కాగితంలో రాశాను, పెద్దవాళ్ళని కనుక్కోండి, ఈ పేరు కూడా బోర్డుమీద పెడితే బావుంటుంది అని. ఫ్రేమ్ మీది నంబరు కూడా రాశాను. 274019. ఈ రకం వాటిల్లో అదే నంబరు చక్రం మీద కూడా కొడతారు. అసలు చక్రం ఎప్పుడైనా దొరికితే నంబరు కలుస్తుంది."

తన మీద దొంగతనం మోపినవాడికి కూడా చక్రం దొరకాలని కోరుకుంటున్నాడు. అమాయకత్వమో గౌరవమో యేసుకుమార్‌కి తేలలేదు.

*

రావి నరసింహయ్య స్మారక మందిరం చెరుకుతోటల మధ్య పాలరాతితో మెరుస్తోంది. గుమ్మానికెదురుగా నరసింహయ్య పదడుగుల తైలవర్ణ చిత్రం. చిత్రకారుడికి ఫోటో దొరికి ఉండదు, లేదా దొరికినా నచ్చి ఉండదు. బొమ్మలో ధాన్యం వ్యాపారి సేనాపతిలా మీసం మెలేసి, గుర్రం కళ్ళెం పట్టుకుని ఉన్నాడు. ఆ ఇంట్లో ఎప్పుడైనా గుర్రం ఉందా అని కనకవల్లి అడిగితే, ఎడ్లబండి ఉండేదని దత్తాత్రేయ ఒప్పుకున్నాడు.

పక్కగది తాళంచెవులు ముగ్గురి దగ్గరున్నాయి. ఒకటి దత్తాత్రేయ దగ్గర. రెండోది ఆయన కూతురు వేదశ్రీ దగ్గర. ఫంక్షన్ హాలు వ్యవహారమంతా ఆవిడదే. మూడోది సాయిగణేష్ దగ్గర. అతను డిగ్రీ కాలేజీ లెక్చరరు. వంశచరిత్ర రాసినవాడూ, మందిరంలో వస్తువులు అమర్చినవాడూ అతనే.

వేదశ్రీ దాచుకోకుండా మాట్లాడింది. "ఈ స్థలంలో ఏసీ డైనింగ్ హాలు కడదామన్నాను. నాన్నగారు ముత్తాతగారికి గుర్రం కొనిపెట్టారు. ఆ పెట్టె నేను ముట్టుకోలేదండి. ఆ పుస్తకం కూడా చదవలేదు."

"నిన్న పెట్టె తెరిచినప్పుడు ఎవరైనా వీడియో తీశారా?" యేసుకుమార్ అడిగాడు.

"నేనే తీశాను. పంపిస్తాను, మీ నంబరు చెప్పండి."

సాయిగణేష్ జేబులో రెండు పెన్నులతో వచ్చాడు. పుస్తకం ఒకటి తీసి, అడక్కుండానే సంతకం చేసి కనకవల్లికిచ్చాడు. 'వీరవంశ ప్రదీపిక.' అట్టమీద రివాల్వర్ బొమ్మ.

"చరిత్రంటే ఆధారాలు మేడమ్. పదమూడో పేజీలో కెప్టెన్ రాసిన ఉత్తరం ఫోటో వేశాం. పద్నాలుగులో ఆయుధం వివరాలు."

కనకవల్లి నిలబడే పేజీలు తిప్పింది. పదమూడో పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. యేసుకుమార్ భుజం మీదుగా చూశాడు. టైపు చేసిన ఇంగ్లీషు ఉత్తరం. పైన తేదీ 1944, మే 9. కింద చిరునామా: శ్రీ రావి నరసింహయ్య, చల్లపల్లి, కృష్ణా జిల్లా, ఆంధ్రప్రదేశ్. పద్నాలుగో పేజీలో గొట్టం పొడవూ, తయారైన దేశం, బరువు ఒక కిలో నూరు గ్రాములు అని ఉంది.

"మీరు రివాల్వర్ చేత్తో పట్టుకున్నారా?" అంది కనకవల్లి.

"లేదండి. అటక మీంచి అధికారుల దగ్గరికీ, అక్కణ్ణించి జాన్‌బాబు దగ్గరికీ పోయింది. పట్టుకోవాల్సిన పనేముంది? దాని గురించి ప్రపంచంలో ఉన్నదంతా చదివాను."

"జాన్‌బాబు సంగతేమిటి?"

సాయిగణేష్ నవ్వాడు. "చేతిపనివాళ్ళు మేడమ్. వస్తువు విలువ తెలుస్తుంది, చరిత్ర విలువ తెలియదు. అలాంటివాళ్ళ చేతికి ఇవ్వొద్దని ముందే చెప్పాను."

పక్కగదిలో పుస్తకాల కట్టలు గోడవార పేర్చి ఉన్నాయి. యాభై చొప్పున ఇరవై కట్టలు. ప్రెస్సువాళ్ళు నీలం రంగు ప్లాస్టిక్ పట్టీ వేసి యంత్రంతో బిగించిన కట్టలు. అడుగు వరసలో గోడకానుకుని ఉన్న ఒక్కదానికి మాత్రం పురికొస చుట్టి ఉంది. యేసుకుమార్ చూశాడు కానీ పట్టించుకోలేదు. కనకవల్లి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

బయటికొస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళ సంచి వెతికాడు. రివాల్వర్ వచ్చిన గురువారం నుంచీ బయటికి పోయే ప్రతి సంచీ చూస్తున్నానన్నాడు.

"నా సంచి కూడా వదలడం లేదండి," వెనక నుంచి సాయిగణేష్ నొచ్చుకున్నాడు. "చూడండి, ఎంఫిల్ చేసినవాడికి ఈ మర్యాద."

కారెక్కాక యేసుకుమార్ వీడియో పెట్టాడు. బంధువుల చప్పట్లు, దత్తాత్రేయ చేతిలో స్క్రూడ్రైవరు. మూత దగ్గరగా కనిపించిన చోట ఆపి, హన్నా ఇచ్చిన ఫోటో పక్కన పెట్టాడు.

"మేడమ్, ఇంకా ఎవరూ తిప్పకముందే ఇది. నాలుగు స్క్రూలూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి. అప్పటికే పెట్టె ఎవరో తెరిచి మళ్ళీ మూశారు."

"ఇక్కడే, ఈ గదిలోనే," అంది కనకవల్లి. "బావుంది యేసుకుమార్. ఇంకొకటి చెప్పు. చల్లపల్లిలో రత్నం అనే జమేదారు గురించి ఎవర్నడగాలి?"

"చర్చిలో అడుగుతానండి," అన్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. సమాధుల తోటలో మూడో వరసలో ఒక సిమెంటు శిలువ కింద పేరు కనపడింది: జమేదారు జీవరత్నం, మద్రాసు సాపర్స్. అంటే వంతెనలు కట్టే సైనిక దళంలో చిన్న ఆఫీసరు. కూతురు తెరేసమ్మ రెండు వీధుల అవతల ఉంటుందని చర్చి ఉపదేశి చెప్పాడు.

తెరేసమ్మకి ఎనభై దగ్గరపడింది. మిషన్ స్కూల్లో ముప్ఫయ్యేళ్ళు మూడో తరగతికి పాఠం చెప్పిన మనిషి. కుర్చీలో నిటారుగా కూర్చుంది. వాళ్ళొచ్చిన పని విని, పైట సర్దుకుంది.

"నరసింహయ్యగారి మనవడు మందిరం కట్టాడని విన్నాను. అందులో ఏం పెట్టాడో వినలేదు," అంది. "మా నాన్న బర్మాలో వంతెనలు కట్టాడండి. తిరిగొచ్చేప్పుడు వాళ్ళ ఆఫీసరు లైసెన్సుతో ఆ రివాల్వర్ ఇప్పించాడు. నలభై తొమ్మిదిలో కమ్యూనిస్టుల కోసం పోలీసులు పేటల్లో ఇళ్ళు సోదా చేస్తుంటే, నరసింహయ్యగారొచ్చి, నీ ఇంట్లో తుపాకీ ఉంటే కాగితం చూసేదాకా ఎవరూ ఆగరు, నా దగ్గర పెట్టు, గొడవ సద్దుమణిగాక ఇస్తానన్నాడట. ఇచ్చాడు. మూడుసార్లు వెళ్ళి అడిగాడు. మొదటిసారి రేపు రమ్మన్నారు. రెండోసారి ఊళ్ళో లేరన్నారు. మూడోసారి గేటు బయటే నిలబెట్టి, ఏ తుపాకీ అన్నారు."

"మీ నాన్నగారు ఫిర్యాదు చేయలేదా అమ్మా?"

"ఎవరికి చేస్తాడు? ఫిర్యాదు తీసుకునేవాళ్ళు నరసింహయ్యగారి అరుగుమీదే కూర్చునేవాళ్ళు." ఆమె లేచి, తండ్రి ఫోటో ఉన్న బల్ల దగ్గరికెళ్ళింది. ఫోటో ముందు ఆరు రంధ్రాల ఉక్కు వస్తువొకటుంది. రంధ్రాల్లో సన్నటి కొవ్వొత్తులు. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. "కానీ మా నాన్న వెర్రివాడు కాదు. ఇచ్చే ముందు ఇది ఊడదీసుకున్నాడు. వాళ్ళు తుపాకీ అడిగారు, చక్రం అడగలేదు. పూర్తి ఆయుధం పరాయి చేతికి ఇవ్వకూడదని సైన్యంలో నేర్పారట."

కనకవల్లి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, మైనం గోటితో గీకింది. యేసుకుమార్ నోటుపుస్తకంలో రాసుకున్న నంబరు చదివాడు. ఆవిడ ఒక్కొక్క అంకెకీ తలూపింది. ఆరూ కలిశాయి.

*

ఆదివారం తొమ్మిదింటికి అందరూ మందిరంలో ఉన్నారు. ఎస్సై జాన్‌బాబుని వెంటబెట్టుకొచ్చాడు. హన్నా భర్త పక్కన నిలబడింది. వేదశ్రీ చేతులు కట్టుకుని స్తంభానికి ఆనుకుంది. తెరేసమ్మ కొంగుచాటున గుడ్డమూట పట్టుకుని ఒక మూల నిలబడింది. ఆమె ఎవరని దత్తాత్రేయ అడగలేదు. అలాంటి ముసలివాళ్ళని ఎవరని అడిగే అలవాటు ఆయనకి లేదు.

"వస్తువు దొరికిందా?" అన్నాడు.

"ఎక్కడికీ పోలేదండి," అంది కనకవల్లి. "గురువారం మీ గేటు దాటి లోపలికొచ్చాక బయటికి పోలేదు. ముందు జాన్‌బాబుగారి సంగతి తేలుద్దాం."

ఫోటో, వీడియో రెండూ ఎస్సైకి చూపించింది. జాన్‌బాబు బిగించిన స్క్రూలు ఒకే వరసలో ఉన్నాయని, దత్తాత్రేయ విప్పేనాటికి చెదిరి ఉన్నాయని, కాబట్టి పెట్టె తాళం వేసిన గదిలోనే మధ్యలో ఒకసారి తెరుచుకుందని చెప్పింది. తాళంచెవులు మూడు.

"ఇప్పుడు తూకపు రాళ్ళు. తీసినవాడు పెట్టె ఎత్తితే అనుమానం రాకూడదని, రివాల్వర్ ఎంత బరువుంటే అంత బరువు పెట్టాలనుకున్నాడు. కిలో, వంద గ్రాములు పెట్టాడు. కానీ మీ రివాల్వర్ బరువు అంత లేదు. చక్రం అల్యూమినియం కాబట్టి తొమ్మిది వందల ముప్ఫై గ్రాములే. జాన్‌బాబుగారికి ఆ సంగతి తెలుసు, తూచింది ఆయనే. రసీదు మీద రాసింది కూడా ఆయనే. ఆయనే మోసం చేసి ఉంటే ఆ బరువే పెట్టేవాడు. దత్తాత్రేయగారు ఆ రసీదు చదవనే లేదు. వేదశ్రీగారికి ఏ బరువూ తెలియదు. కిలో నూరు గ్రాములని ఈ మందిరంలో ఒక్కచోటే ఉంది." పుస్తకం పద్నాలుగో పేజీ తెరిచి బల్లమీద పెట్టింది. "అసలు వస్తువు చేతిలో ఉండగా పుస్తకంలో అంకెని నమ్మే మనిషి కావాలి. నాకు ఒక్కరే దొరికారు."

సాయిగణేష్ పెన్ను జేబులోంచి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది ఊహ మేడమ్. నాకేం అవసరం?"

"పెట్టెలో వివరాల కాగితం చదివారు. పిడికి అద్దంలాంటి పలక చూశారు. దాని కింద ఇంకొకరి పేరు చూశారు. ప్రారంభం నాడు జడ్జిగారు వంగి చూస్తే ఆ పేరే చదువుతారు. వెయ్యి కాపీలు అచ్చయిపోయాయి. రివాల్వర్ పోతే పేరూ పోతుంది. దొంగతనం చేతిపనివాడి మీద పడితే, ఆయన తర్వాత ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. అదీ మీ అవసరం."

"కెప్టెన్ ఉత్తరం ఉంది. అది చారిత్రక పత్రం."

"ఆ ఉత్తరం 1944లో ఆంధ్రప్రదేశ్‌కి రాశారండి," అంది కనకవల్లి. గొంతు పెంచలేదు. "ఆంధ్రప్రదేశ్ 1956లో పుట్టింది. అప్పటికి ఇదంతా మద్రాసు. నేను జీవితంలో చాలా దొంగ కాగితాలు చూశాను. కాలిన మిల్లుకి కాలకముందే రసీదులు రాసినవాళ్ళని చూశాను. చరిత్రలో ఎంఫిల్ చేసినవాడు పన్నెండేళ్ళ తర్వాత పుట్టబోయే రాష్ట్రానికి ఉత్తరం రాయించడం మాత్రం ఇదే మొదటిసారి."

వేదశ్రీ నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

"యేసుకుమార్, పురికొస కట్ట."

అప్పుడు యేసుకుమార్‌కి తెలిసింది. పక్కగదిలోకి వెళ్ళి, అడుగు వరసలోంచి పురికొస చుట్టిన కట్ట లాగి, తెచ్చి బల్లమీద పెట్టి, బ్లేడుతో తాడు కోశాడు. పైన నాలుగు పుస్తకాలు మామూలుగానే ఉన్నాయి. అయిదోదానినుంచి లోపలంతా చతురస్రంగా కోసేసి ఉంది. ఆ గోతిలో, వంశవీరుడి కథల మధ్య, రివాల్వర్ పడుకుని ఉంది. పక్కనే మడతపెట్టిన వివరాల కాగితం.

"ఫంక్షనయ్యాక పుస్తకాల కట్టలతో పాటు దర్జాగా పట్టుకుపోయేవారు," అంది కనకవల్లి. "కట్టల్ని ఏ వాచ్‌మనూ విప్పడు. ఒక్క మాట ఒప్పుకోవాలి. ఈ పుస్తకం లోపల నిజం అంటూ ఏదైనా పెట్టింది ఈ కట్టలోనే."

సాయిగణేష్ దత్తాత్రేయ వైపు తిరిగాడు. "మీ కోసమే చేశాను సార్. మీరేగా కెప్టెన్ కావాలన్నారు. మీరేగా ఉత్తరం ఉంటే బావుంటుందన్నారు."

దత్తాత్రేయ రివాల్వర్ మీదికి వంగాడు. ఆయన పలక వైపు చూస్తున్నాడు. దాని కింద ఇనుము మీద ఎవరో మేకుతో ఓపిగ్గా గీసిన అక్షరాలు కనిపిస్తున్నాయి.

"ఎవరీ రత్నం?"

"మా నాన్న," అంది తెరేసమ్మ. మూలనుంచి ముందుకొచ్చి గుడ్డమూట విప్పింది.

చక్రం చూడగానే జాన్‌బాబు చేతులు కదిలాయి. అనుమతి కోసం ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తలూపాడు. జాన్‌బాబు రివాల్వర్‌ని మధ్యకి వంచి తెరిచి, తాను నెలరోజులు చేసిన అల్యూమినియం చక్రాన్ని తీసి పక్కన పెట్టాడు. మిగిలిన మైనం తుడిచి, పాత ఉక్కు చక్రాన్ని ఇరుసు మీదికి ఎక్కించాడు. అది బలవంతం లేకుండా తన చోట్లోకి జారింది. బొటనవేలితో తిప్పాడు. డెబ్భై ఆరేళ్ళ తర్వాత తిరిగింది. ఫ్రేమ్ మీద 274019. చక్రం మీద 274019.

"అమ్మా," అన్నాడు మెల్లిగా, "ఎంత బాగా దాచారండీ."

ఎస్సై సాయిగణేష్‌ని బయట జీపు దగ్గరికి పంపించాడు. రివాల్వర్ ఎవరిదో అధికారికంగా తేలేదాకా స్టేషన్లో ఉంటుందనీ, తెరేసమ్మ అర్జీ పెట్టుకుంటే తాను చూసిందంతా రాసిస్తాననీ చెప్పాడు. తర్వాత జాన్‌బాబు వైపు తిరిగి, ఇంటికెళ్ళొచ్చన్నాడు. హన్నా ఏడవలేదు. భర్త చొక్కా కాలరు సరిచేసింది.

పదిన్నరయింది. దత్తాత్రేయకి ప్రపంచంలో ఇంకొకటే ఆపద మిగిలింది.

"ఎస్సైగారూ, పదకొండింటికి జడ్జిగారొస్తారు. రెండు గంటలు, ఫంక్షనయ్యేదాకా, అద్దాలపెట్టెలో ఉండనివ్వండి. మీరు పక్కనే ఉండండి. అమ్మా, మీ నాన్నగారి పేరు కూడా పెట్టిస్తాను. కింద చిన్న బోర్డు."

"చెప్పు తీసుకుని కొట్టినా బోర్డు దగ్గరే ఆగుతాడు ఈయన," అని కనకవల్లి యేసుకుమార్‌తో, అందరికీ వినపడేంత మెల్లగా అంది.

తెరేసమ్మకి కోపం వచ్చినట్టు లేదు. ముప్ఫయ్యేళ్ళు మొండి పిల్లల్ని చూసిన చూపుతో ఆయన్ని చూసింది.

"బోర్డు వద్దు బాబూ. ఉండనివ్వు రెండు గంటలు. అద్దాలపెట్టె పక్కన నాకో కుర్చీ వేయించు."

ఎస్సై సరేనన్నాడు. కుర్చీ ఎవరు తేవాలా అని దత్తాత్రేయ చుట్టూ చూశాడు. ఆయన చూపు యేసుకుమార్ మీద ఆగింది. యేసుకుమార్ కళ్ళజోడు లేకపోయినా, ఉన్నట్టే తీరిగ్గా చూశాడు. చివరికి ముందువరసలో ముఖ్య అతిథికని వేసిన ఎర్ర మఖమల్ కుర్చీని దత్తాత్రేయే రెండు చేతులా ఎత్తి తెచ్చి వేశాడు. తెరేసమ్మ కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

పదకొండుకి అయిదు నిమిషాలుండగా జడ్జిగారి కారొచ్చింది. నాదస్వరం మొదలైంది. దత్తాత్రేయ బంతిపూల దండ పట్టుకుని గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. కానీ జడ్జిగారు పెద్దాయన, దండలకి మొహం మొత్తినవాడు. చెయ్యి అడ్డం పెట్టి లోపలికొచ్చి, పదడుగుల గుర్రం బొమ్మని దాటుకుని, అద్దాలపెట్టె మీదికి వంగాడు. పలక కింది పేరు చదివాడు. పక్కన కూర్చున్న ముసలావిణ్ణి చూసి, ఇంటి పెద్దావిడ అనుకుని నమస్కారం పెట్టాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"నిలబడి వినేది కాదండి, కూర్చోండి," అంది తెరేసమ్మ.

జడ్జిగారు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెనకాల వచ్చిన బంధువులూ, పంచాయతీ పెద్దలూ ఏదో కార్యక్రమం మొదలైందనుకుని తలా ఒక కుర్చీ చూసుకున్నారు. నాదస్వరం ఆగింది. తెరేసమ్మ, వెనక బెంచీ దాకా వినపడే గొంతుతో, తన తండ్రి బర్మాలో కట్టిన మొదటి వంతెన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. దత్తాత్రేయ గుమ్మంలో దండ పట్టుకుని, ఎవరి మెడలో వెయ్యాలో తెలియక నిలబడ్డాడు.